తడిగుడ్డ తగిలిన షికారు బొమ్మ

రేపల్లెలో మా ముందుగదిలో దేవుడి పటాల పక్కనే ఒక పాత నీటిరంగుల బొమ్మ ఉండేది. దొరల కాలం నాటి మద్రాసు పార్కు, సాయంత్రం షికారు. పూల గొడుగు పట్టిన దొరసాని, పొడుగు టోపీ దొర, మెడకి ఎర్ర రిబ్బను కట్టిన కుక్కపిల్ల. బాపట్లలో డ్రాయింగు మాస్టారుగా చేసిన మా నాన్న, పడుచు వయసులో దాన్ని మద్రాసు పాత సామాన్ల కొట్లో కొన్నారట. "ఈవిడకీ ఓ బొట్టు పెట్టెయ్యనా ఏంటి?" అని మా అమ్మ ఆటపట్టించేది. నాన్న మాత్రం దాని మీద ఎవర్నీ చెయ్యి వెయ్యనిచ్చేవారు కాదు.

అమ్మ పోయాక నాన్న చూపూ పోతూ వచ్చింది. ఒక కన్ను ఎప్పుడో పోయింది. రెండో కంటికి కిందటేడు తెనాలిలో ఆపరేషన్ చేయించాం. "ఆశ తక్కువేనండి, ప్రయత్నం చేద్దాం" అన్నారు డాక్టరుగారు. రైల్లో వెళుతున్నంతసేపూ నాన్నది ఒకటే మాట.

"కట్టు విప్పాక ముందు నా బొమ్మ చూడాలమ్మా."

తమ్ముణ్ణి ఆయన దగ్గర ఉంచి, తగుదునమ్మా అని నేను ఒకరోజు ముందే ఇంటికొచ్చాను. బొమ్మ మీద బూజు పట్టింది. అద్దం ఊడదీసి, దేవుడి పటాలు తుడిచినట్టే తడిగుడ్డతో రుద్దేశాను. నీటిరంగులకు నీళ్ళు తగలకూడదని డ్రాయింగు మాస్టారి కూతురికి తెలియదా? తెలుసు. ఏళ్ళ తరబడి పటాలు తుడిచిన చేతికి తెలియలేదు. రెండు రుద్దులకే దొరసాని ముఖం గుడ్డకు అంటుకొచ్చింది. మిగిలినదంతా బూడిదరంగు మరక. నా చేతులు విరిగిపోనూ అని ఏడ్చి, అద్దం మళ్ళీ బిగించి మేకుకు తగిలించాను.

మర్నాడు నాన్న వచ్చారు. దారంతా "శుభ్రంగా కనబడుతోందిరా" అన్నారని తమ్ముడు సంబరంగా చెప్పాడు. కాళ్ళైనా కడుక్కోకుండా ఆయన బొమ్మ దగ్గరికి నడిచారు. బ్రష్షు కడగకుండా పెడితేనే ఇల్లు పీకి పందిరేసే మనిషి. తిట్లకు సిద్ధమై తలుపు పక్కన నిలబడ్డాను.

ఆయన అద్దానికి ముఖం ఆనించి చాలాసేపు చూశారు.

"ఆ గొడుగు మీద పూలు చూడవే, ఎంత స్పష్టంగా ఉన్నాయో. కుక్కపిల్ల రిబ్బను కూడా కనబడుతోంది" అన్నారు.

ఆయన వేలు మరక మీద ఉంది. ఆ కంటికీ చూపు రాలేదు. మేం బాధపడతామని కనబడుతోందంటున్నారు. తిట్టు నాన్నా, ఒక్కసారి తిట్టు అని లోపల మొత్తుకున్నాను.

"నువ్వూ ఇలా వచ్చి చూడమ్మా."

వెళ్ళి ఆయన పక్కన నిలబడ్డాను.

"చూస్తున్నాను నాన్నా. అన్నీ ఉన్నాయి" అన్నాను.