ఏడుగురి ఇంటి పాతచీర

పోయినవారం మా మనవరాలికి కొడుకు పుట్టాడో లేదో, ఇంటికి పెద్ద అట్టపెట్టె ఒకటి వచ్చింది. విప్పితే మెత్తటి పొత్తిగుడ్డలు, టోపీలు, చిట్టి చేతులకు తొడుగులు, అన్నీ ప్లాస్టిక్ కవర్లలో. అవి ఎవరింటివని అడగబోయి నాలుక కరుచుకున్నాను. దుకాణం గుడ్డలకు ఇల్లేమిటి, నా పిచ్చి కాకపోతే!

మీకూ గుర్తుండే ఉంటుంది, మన రోజుల్లో పసిబిడ్డకు మొదట కొత్తబట్ట వేసేవారు కాదు. పుట్టిన పిల్లలందరూ నిలిచిన ఇంటినుంచి పాత నూలుచీర అడిగి తెచ్చుకుని, ఉడకబెట్టి, ఎండలో ఆరేసి, చింపి బిడ్డను చుట్టేవారు. నాన్న మిర్యాలగూడ రైసుమిల్లులో పనిచేసే ఆ కాలంలో మాది అలాంటి ఇల్లు; ఏడుగురం పుట్టాం, ఏడుగురం నిలిచాం. అమ్మ చీర కాస్త పాతబడితే చాలు, ఎవరో ఒకరు వాకిట్లో ఉండేవారు, నాకేమో ఒళ్ళు మండేది. తీసుకునేవాళ్ళు పిల్లలంతా చల్లగా ఉన్నారా అని అడగాలి, ఉన్నారని ఇల్లాలు తన నోటితో చెప్పాలి. అప్పుడే ఆ గుడ్డకు బలమని నమ్మకం.

నా పన్నెండో ఏట, మాలో ఆఖరివాడు, మూడేళ్ళ తమ్ముడు, వాంతులూ విరేచనాలూ పట్టుకుని రెండురోజుల్లో పోయాడు. నెల తిరగకముందే వేములపల్లి నుంచి ఒక నిండుచూలాలు నడిచి వచ్చింది. ఆమెకు అంతకుముందు ఇద్దరు పుట్టి పురిట్లోనే పోయారట. మా ఇంటి సంగతి తెలియక, గడప ముందు నిలబడి అడగవలసిన మాట అడిగింది.

"పిల్లలంత సల్లగున్నరా అక్కా?"

"సల్లగున్నరు" అంది అమ్మ, తలుపు గట్టిగా పట్టుకుని.

ఆమె చీర తీసుకుని వెళ్ళగానే, అబద్ధమెందుకు చెప్పావని నేను అమ్మ మీద విరుచుకుపడ్డాను. "ఇద్దర్ని మన్నుల పెట్టి వచ్చిందే, వట్టి చేతులతోని ఎట్ల పంపాలె?" అంటూ అమ్మ తన కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మా అబద్ధానికి ఆ బిడ్డ కూడా పోతాడేమోనని నేను ఎంత భయపడ్డానో ఆ దేవుడికే తెలుసు.

బిడ్డ బతికాడు. ఏడాదికోసారి వాణ్ణి తెచ్చి అమ్మ ఒళ్ళో కూర్చోబెట్టేది ఆ తల్లి. మొదటిసారి వచ్చినప్పుడే, ఏడుగురిలో మీ చిన్నోడు కనబడడేమని అడిగింది. ఆడుకోవడానికి పోయాడంది అమ్మ. ఆ తర్వాత బడికి పోయాడంది, కొన్నేళ్ళకు సూర్యాపేటలో మేనత్త ఇంట ఉండి చదువుతున్నాడంది, చివరికి కోదాడలో కొలువు దొరికిందంది. అలా మా తమ్ముడు అమ్మ మాటల్లోనే పెరిగి పెద్దవాడయ్యాడు. చెబితే నవ్వుతారు, సూర్యాపేట బస్సు ఆగితే దిగేవాళ్ళ ముఖాల్లో నేను వాణ్ణి వెతికేదాన్ని.

అమ్మ పోయిన రోజు ఆ తల్లీ కొడుకూ వచ్చారు. వాడికి అప్పుడప్పుడే మీసం వస్తోంది. చుట్టూ చూసి, "కోదాడ అన్న రాలేదా అక్కా?" అని నన్నడిగాడు. అంతకాలం అమ్మను తప్పుపట్టిన నోటితోనే, "బయలెల్లిండు, తొవ్వల ఉన్నడు" అన్నాను. వాళ్ళమ్మ నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఆమెకు ఎప్పటినుంచో తెలుసునేమోనని ఇప్పుడనిపిస్తుంది.

ఈ పెట్టెలోని గుడ్డలకు ఎవరూ ఎవరినీ ఏమీ అడగనక్కరలేదు, ఏ తల్లీ తలుపు పట్టుకుని అబద్ధమాడనక్కరలేదు. మంచిదే. కానీ బయట బస్సు ఆగిన చప్పుడైతే, ఇన్నేళ్ళ తర్వాత కూడా, ముందు నేనే లేచి చూస్తాను.