జీపులో ఇనప్పెట్టె

ఆయన్ని వీధిలో అందరూ ఇనప్పెట్టె మామ అంటారు. ఎదురుగా మాత్రం అనరు. కోపం వస్తుందని కాదు. అంటే చాలు, పొంగిపోయి ఇనప్పెట్టెల గురించి గంటసేపు చెబుతాడని భయం.

చెప్పడానికి ఆయన దగ్గర సరుకు లేకపోలేదు. ఇరవై రెండేళ్లు ఇనప్పెట్టెల ఫ్యాక్టరీలో పనిచేశాడు. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఇంటి పక్కనే రేకుల షెడ్డు వేసుకుని గేట్లూ, కిటికీ గ్రిల్లులూ చేయడం మొదలుపెట్టాడు. షెడ్డులో సగం ఆయనది, సగం భార్యది. ఆయన సగంలో వెల్డింగ్ మిషను, కట్టరు, గోడకి చేరేసిన పైపులు. ఆవిడ సగంలో కుట్టు మిషను, రెక్సిన్ చుట్టలు, స్పాంజి ముక్కలు. ఆవిడ వ్యాన్లకీ జీపులకీ సీటు కవర్లూ, పైన కప్పే టాపులూ కుడుతుంది. నిప్పురవ్వలు రెక్సిన్ మీద పడకుండా మధ్యలో ఒక పాత టార్పాలిన్ వేలాడుతుంటుంది. ఆ టార్పాలిన్‌కి అటూ ఇటూ నుంచే వాళ్ల సంసారంలో సగం మాటలు నడుస్తాయి.

ఫ్యాక్టరీలో ఒక పద్ధతి ఉండేది. పెట్టె చేసినవాడు దాన్ని తనే పరీక్షించకూడదు. కాకిపిల్ల కాకికి ముద్దు కదా, ఎవడి పెట్టెలో తప్పు వాడికి కనిపించి చావదు. అందుకని పక్క బెంచీ వాడికి అప్పగించాలి. వాడికి గంట టైము, చేతికి దొరికిన పనిముట్టు ఏదైనా సరే. ఆ గంటలో తెరిచాడా, పెట్టె వెనక్కి. తెరవలేకపోయాడా, ఇద్దరి ముద్రా పడి పెట్టె బయటికి. అలా పరీక్షించేవాడిని అక్కడ దొంగ అనేవారు. ఒక్కొక్కరికీ ఒక్కో దొంగ. ఇనప్పెట్టె మామకి పద్దెనిమిదేళ్లు ఒకడే దొంగ. పెళ్లిళ్లలో కనిపిస్తే భుజం మీద చెయ్యేసి, "వీడు నా దొంగ" అని పరిచయం చేసేవాడు. కొత్తవాళ్లు జేబులు తడుముకునేవాళ్లు.

ఆ దొంగ రెండేళ్ల కిందట ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. అప్పట్నుంచీ ఆయన ఒక్క పెట్టె కూడా చేయలేదు. ఎవరైనా అడిగితే, "టైము లేదండీ" అనేవాడు. టైము లేక కాదు, దొంగ లేక.

అలాంటివాడి చేత మళ్లీ పెట్టె చేయించింది డాక్టరమ్మ. భార్య చెల్లెలి కూతురు, పశువుల డాక్టరు. కొండ పల్లెలన్నీ తిరిగి గొర్రెలకీ ఆవులకీ టీకాలు వేయడం ఆమె పని. ఆఫీసువాళ్లు ఇచ్చిన జీపుకి పైకప్పు లేదు, పక్క తలుపుల్లేవు. దారి అయిపోయిన చోట జీపు ఆపి, మందకి కావలసినంత సంచిలో వేసుకుని గుట్టెక్కాలి. మిగిలిందంతా జీపులోనే. ఒకసారి మందుల సంచి పోయింది. రెండోసారి సూదులు, కత్తెరలు, టీకా పిచికారీ అన్నీ పోయాయి.

"మూడోసారి పోతే ఈ తిరుగుడు వేరేవాళ్లకి ఇస్తానన్నారు పెదనాన్నా, మా పెద్ద డాక్టరుగారు. నన్ను స్టోరులో కూర్చోబెడతారట, సీసాలు లెక్కపెట్టుకుంటూ," అంది.

"కూర్చో. నీడపట్టున ఉంటావు."

"నేను సీసాల కోసమా చదివింది?" అని మధ్యలోనే ఆగిపోయింది. గొడ్లతో కుమ్మించుకుని కూడా నవ్వే పిల్ల అలా ఆగిపోతే, ఆయన చేతిలో పైపు కింద పెట్టేశాడు. టార్పాలిన్ అవతల కుట్టు మిషను కూడా ఆగింది.

"చేసి పెట్టండి," అంది అవతలి గొంతు. అంతే. ఆ ఇంట్లో అప్పీలు ఉండదు.

వారం రోజులు ఆయన వేరే పని ముట్టుకోలేదు. జీపు వెనక రెండు చక్రాల బుడిపెల మధ్య కొలతలు మూడుసార్లు తీశాడు. రెండు మిల్లీమీటర్ల రేకు తెచ్చాడు. అంచులు లోపలికి మడిచాడు, గునపం మొన దూరే సందు లేకుండా. మూత బందులు లోపలే పెట్టాడు. ఒక్క తాళంచెవి తిప్పితే మూడు వైపులకీ కడ్డీలు పోయి బిగుసుకునేలా అమర్చాడు. మూత చుట్టూ రబ్బరు పట్టీ, నీళ్లు చేరితే పోవడానికి అడుగున, జీపు నేల గుండా, వేలెడు రంధ్రం. చివరికి నాలుగు బోల్టులతో జీపు నేలకి బిగించాడు. బోల్టు తలలు పెట్టె లోపల, నట్లు జీపు కింద. గతుకుల్లో తలలు తిరిగి వదులవుతాయేమోనని వాటిని పెట్టెకి వెల్డింగ్ కూడా చేశాడు. మూత వేస్తే ధప్‌మని కాదు, మెత్తగా, లోపలి గాలిని నెడుతూ పడింది. ఆ చప్పుడు విని ఆయన మొహం వెలిగిపోయింది. ఈ రెండేళ్లలో భార్య ఆ మొహం చూడలేదు.

"మరి దొంగ?" అని అడిగింది ఆవిడ.

"దొంగెక్కడున్నాడే, పోయాడుగా."

"నేనున్నానుగా. నాకివ్వండి ఓ గంట."

ఆయన పకపకా నవ్వాడు. "నువ్వా? కత్తెరతో కత్తిరిస్తావా, సూదితో కుడతావా?"

"ఏదో ఒకటి చేస్తా. మీకేం పోయింది?"

"ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నాకెందుకొచ్చిన గొడవ," అని మాట తప్పించాడు. ఆవిడ మళ్లీ అడగలేదు. పరదా అవతలికి వెళ్లి మిషను తొక్కింది, మామూలు కన్నా కాస్త గట్టిగా.

ఇరవై రెండేళ్లలో ఎన్నడూ చేయని పని ఆయన ఆ రోజు చేశాడు. తన పెట్టెని తనే పరీక్షించుకున్నాడు. సుత్తి, ఉలి, గునపం పట్టుకుని గంటసేపు చెమటలు కక్కాడు. మూత వెంట్రుకంతైనా లేవలేదు. భుజాలు నొప్పెట్టాయి, మనసు నిండిపోయింది. డాక్టరమ్మకి తాళంచెవి ఇస్తూ, "దీన్ని తెరిచే మొగాడు పుట్టలేదు," అన్నాడు.

ఆ మాట నిజమే. పదకొండో రోజున డాక్టరమ్మ వాగు దాటి ఒక గొర్రెల దొడ్డికి వెళ్లి, రెండు గంటల తర్వాత తిరిగొస్తే, జీపు ఉంది, పెట్టె లేదు. ఎవడూ దాన్ని తెరవలేదు. పెట్టెకి పెట్టే ఎత్తుకుపోయారు. జీపు కింద దూరి నాలుగు నట్లు విప్పి, వాటిని డ్రైవరు సీటు మీద వరసగా పెట్టి మరీ పోయారు. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు.

రెండు రోజులకి ఒక గొర్రెల కాపరికి ఆ పెట్టె కంకర గోతిలో కనిపించింది. మూత మీద గుంటలు, అంచుల వెంట ఉలి గాట్లు, ఒక మూల బండరాయితో మోదిన ముద్ర. షెడ్డుకి తెచ్చి తాళంచెవి పెడితే ఒక్క తిప్పుకే వెన్నలా తెరుచుకుంది. లోపల పనిముట్లు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. మందు సీసాల చుట్టూ పెట్టిన ఐసు మాత్రం కరిగి నీళ్లయిపోయింది. నాలుగు వందల గొర్రెలకి సరిపడే టీకా మందు వేడెక్కి ఎందుకూ పనికిరాకుండా పోయింది.

"దొంగలు ఓడిపోయారు చూశావా," అని పక్కింటాయన అన్నాడు, ఊరడింపుగా. ఇనప్పెట్టె మామ అతన్ని ఎలాంటి చూపు చూశాడంటే, పాపం అతను మళ్లీ నెల దాకా అటు రాలేదు.

డాక్టరమ్మ తిట్టలేదు. కళ్లు తుడుచుకుని, పనిముట్లు లెక్క చూసుకుని, "సోమవారం నుంచి స్టోరుకి రమ్మన్నారు పెదనాన్నా. కాగితం తయారవుతోంది," అని చెప్పి, జీపు అక్కడే వదిలి వెళ్లింది.

ఆయన ఖాళీ జీపు పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. భార్య కూడా ఏమీ అనలేదు. 'నేను అడగలేదా' అని ఒక్క మాట అని ఉంటే బాగుండుననిపించింది ఆయనకి, కనీసం ఎదురు కేకలేసే వీలుండేది. ఆవిడ ఊరికే జీపు కిందకి దూరింది. టాపుల పట్టీలు ఎక్కడెక్కడ కడతారో చూడ్డానికి ఆవిడ రోజూ దూరే చోటే అది. లోపల్నుంచి గొంతు వచ్చింది.

"బోల్టు తలలు పైన వెల్డింగ్ చేశారా?"

"వదులవకుండా."

"అదే. అందుకే వాడు నట్టు తిప్పితే బోల్టు కూడా తిరగకుండా మీ వెల్డింగే పట్టుకుంది. ఒక్కడే పడుకుని, ఒక్క స్పానరుతో విప్పేశాడు."

ఆయన తల దించుకున్నాడు. ఫ్యాక్టరీలో పెట్టెని నలుగురు మోసుకొచ్చి గచ్చు మీద దింపేవారు. దిగిందంటే దానికి ముందుంది, వెనకుంది, పక్కలున్నాయి, కింద అనేది లేదు. భూమిలోంచి దొంగ రాడు కదా. ఇరవై రెండేళ్లు పెట్టెకి ఐదు వైపులే చూసిన కళ్లకి, జీపు కింద మనిషి పట్టేంత ఖాళీ ఉందని తోచలేదు. రోజూ ఆ ఖాళీలో పడుకుని లేచే మనిషి పరదా అవతలే ఉంది. ఆవిడ అడిగింది కూడా. ఊళ్లో అందరికీ శకునం చెప్పే బల్లి తనే కుడితిలో పడిందంటే ఇదే.

మర్నాడు పొద్దున్నే ఉతికిన చొక్కా వేసుకుని పశువుల ఆఫీసుకి వెళ్లాడు. పెద్ద డాక్టరు బల్ల మీద ఫైళ్లు, గోడకి గొర్రె బొమ్మల పటం, మూలన శబ్దం చేసే ఫ్రిజ్జు. ఆయన కూర్చోలేదు.

"పెట్టె చేసింది నేనండీ. తప్పు పిల్లది కాదు, నాది," అన్నాడు.

పుట్టి బుద్ధెరిగాక ఆ నాలుగు ముక్కలు ఆయన నోటివెంట రావడం అదే మొదలు. పెద్ద డాక్టరు కళ్లజోడు తీసి చూశాడు.

"తప్పు ఎవరిదైనా మందు పోయింది కదండీ. మళ్లీ పోదని ఏమిటి నమ్మకం?"

వారం కిందటైతే, 'నేను చేశాను, అదే నమ్మకం' అని ఉండేవాడు.

"ఈసారి నేను చెప్పనండీ నమ్మకం ఉందని. తెరవడానికి చూసేవాళ్లు వేరే ఉన్నారు. వాళ్లు చెప్పాలి."

పెద్ద డాక్టరుకి ఆ మాట ఎంత అర్థమైందో గాని, ఆ కొండలెక్కడానికి ఆఫీసులో మిగతావాళ్లెవరూ ఎగబడటం లేదన్న సంగతి మాత్రం ఆయనకి బాగా తెలుసు. "సోమవారం పొద్దున దాకా చూస్తాను. పెట్టె సరిగా లేకపోతే ఆమె స్టోరుకే," అన్నాడు.

అప్పటికి గురువారం.

ఆయన పెట్టె లోపల బోల్టు తలల వెల్డింగ్ కోసి పడేశాడు. ఈసారి బోల్టులు కింద నుంచి పైకి. జీపు కింద గుండ్రటి నున్నటి తలలు, ఏ స్పానరుకీ పట్టు దొరకనివి. నట్లు తాళం వేసిన పెట్టె లోపల. మధ్యలో ఒక దళసరి ఇనప పలక. శుక్రవారం సాయంత్రానికి బిగించడం అయింది. చేతులు తుడుచుకుని, టార్పాలిన్ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. దాన్ని పక్కకి జరిపి అవతలికి చూడ్డానికి కాస్త టైము పట్టింది.

"ఏమోయ్, ఓ గంట వస్తావా?" అన్నాడు.

ఆవిడ చేతిలో ఉన్న కుట్టు పూర్తి చేసి, దారం తెంపి వచ్చింది. చీర కుచ్చిళ్లు దోపుకుంది. స్పానర్లు, ఉలి, ఒక తీగ ముక్క, ఓ చిన్న అద్దం పట్టుకుని జీపు కింద పడుకుంది. బోల్టుల మీద పది నిమిషాలు కూడా పెట్టలేదు. అద్దం పట్టి చూస్తూ, నీళ్లు పోయే వేలెడు రంధ్రంలోంచి తీగ దూర్చి, లోపల ఏదో వెతికి, కొక్కెంలా తగిలించి లాగింది. టక్‌మని తాళం కడ్డీలు వెనక్కి పోయాయి. మూత వదులైంది.

నలభై నిమిషాలు. ఆయన నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ఆవిడ కింద నుంచి మొహం బయటపెట్టి, కోప్పడతాడేమోనని చూసింది.

"ఇంకా ఏమేం చూశావు? అన్నీ చెప్పు," అన్నాడు ఆయన, పెన్సిలు చెవి మీంచి తీసి.

శనివారం ఆ రంధ్రం మీద లోపలి నుంచి వంపు రేకు వేశాడు, నీరు పోతుంది గాని తీగ పోదు. కడ్డీల మీద తొడుగు వేశాడు. ఆదివారం మధ్యాహ్నం డాక్టరమ్మ కూడా వచ్చింది. సీటు మీద కూర్చుంటే బండి కదులుతుందని పెద్దమ్మ కసిరితే దిగి, గోళ్లు కొరుక్కుంటూ గుమ్మంలో నిలబడింది. జీపు కింద నుంచి రెండు పాదాలు మాత్రం కనిపిస్తున్నాయి. స్పానరు జారిన చప్పుడు, తీగ గీసుకున్న చప్పుడు, మధ్యలో ఒక మూలుగు. గడియారంలో గంట దాటింది. ఆవిడ మెల్లగా బయటికి జరిగింది. జుట్టు నిండా మట్టి, చెంప మీద గ్రీజు మరక.

"రావట్లేదండీ," అంది.

డాక్టరమ్మ ఒక్క గంతేసి పెద్దమ్మని వాటేసుకుంది. "సోమవారం వెళ్తున్నా! పెదనాన్నా, వెళ్తున్నా!"

ఆయన నవ్వలేదు. పెట్టె వంక ఒకసారి, భార్య వంక ఒకసారి చూశాడు. లోపలికి వెళ్లి, గ్లాసుడు మంచినీళ్లు తెచ్చి ఆవిడ చేతికిచ్చాడు. ఆవిడ తాగేదాకా ఆగి, స్పానరు మళ్లీ అందించాడు.

"ఇంకో అరగంట చూడు," అన్నాడు.