షాకుల మావయ్య, ఎర్ర బొడిపె

మా కింది వాటాలోని షాపు తలుపు మీద ‘ఇచ్చట షాకులు బాగుచేయబడును’ అని రాసి ఉంటుంది. అది చదివి ఒకావిడ ఇస్త్రీపెట్టె పట్టుకొచ్చింది, ముట్టుకుంటే షాక్ కొడుతోందని. షాపతను నవ్వలేదు. పెట్టె విప్పి, చితికిన వైరు మార్చి, తన షాకులు వేరనీ, అవి కొట్టవనీ, దెబ్బలు కాస్తాయనీ చెప్పి పంపాడు. అప్పటినుంచి వీధి మొత్తానికీ ఆయన షాకుల మావయ్య.

కొండ మీదినుంచి రాళ్ల దారిలో కిందికి ఉరికించే సైకిళ్లు ఆయన దగ్గరికొస్తాయి. ముందు చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్ల ఫోర్కు, వెనక సీటు కింద షాకు. దెబ్బంతా అవి మింగాలి. వాటిని విప్పి, పాత నూనె తీసి, దుమ్ము లోపలికి పోనివ్వని సీళ్లు మార్చి, మళ్లీ బిగించడం ఆయన జీవనం. మధ్యాహ్నాలు నేను పుస్తకం పట్టుకుని దిగి, కిటికీ పక్క కుర్చీలో కూర్చుంటాను. ఆయనకు మాట్లాడే అలవాటు లేదు, నాకూ లేదు. బాగా కుదిరింది.

ఫోర్కు గొట్టం మీద బొటనవేలి గోరు మెల్లగా జార్చి, కంటికి కనబడని గీతను కూడా పట్టుకుంటాడు. బరువు నోటితో చెబితే ఒప్పుకోడు. హెల్మెటూ, మోకాళ్ల కవచాలూ, బూట్లూ అన్నీ తొడుక్కుని, సైకిలెక్కి, గోడ పట్టుకుని నిలబడమంటాడు. ఎంత దిగిందో చూసి చిన్న పంపుతో గాలి ఎక్కించడమో, తీయడమో చేస్తాడు. ఆయన భాషలో రెండే మాటలు. బరువుకు దిగితే కుంగడం. దెబ్బ తిని లోపలికి పోయి మళ్లీ పైకొస్తే తేరుకోవడం. ఎంత వేగంగా తేరుకోవాలో ఫోర్కు కాలి అడుగున ఉన్న ఎర్ర బొడిపె చెబుతుంది. ఒకవైపు తిప్పితే చురుకు, మరోవైపు తిప్పితే నిదానం.

ఆయన అక్క కూతురు సైకిల్ పందేల్లో దిగే మనిషి. కిందటేడు ఒక మలుపులో పడి భుజం దగ్గర ఎముక విరగ్గొట్టుకుంది. కోలుకోగానే, దుప్పటి కప్పి ఉంచిన సైకిల్ని తోసుకుంటూ షాపుకొచ్చింది. తల్లి కూడా వెనకాలే వచ్చింది. గ్రీజు అంటుతుందని ఆవిడ ఆ షాపులో ఎక్కడా కూర్చోదు.

“ఎముక అతుక్కుందో లేదో, మహాతల్లికి అప్పుడే కొండ గుర్తొచ్చింది. ఒరే తమ్ముడూ, నువ్వైనా చెప్పరా” అంది.

తమ్ముడు సైకిల్ని స్టాండుకెక్కించాడు. ఫోర్కులోంచి నూనె బురదనీళ్లలా కారింది. ఆ పిల్లను మాత్రం గోడ దగ్గర నిలబడమనలేదు. నాకది వింతగా అనిపించింది. వాళ్లు వెళ్లాక కిందికి వంగి ఎర్ర బొడిపె తిప్పాడు. టిక్కు టిక్కుమంటూ, ఇక తిరగనని అది మొరాయించేదాకా. హ్యాండిల్ని నొక్కి వదిలితే, బలవంతాన లేపిన మనిషిలా బద్ధకంగా పైకొచ్చింది. ఇంత నిదానమా అని అడిగాను.

“నిదానంగా లేస్తే విదిలించదు. దానికిప్పుడు అదే మంచిది” అన్నాడు. నేను మళ్లీ పుస్తకంలోకి వెళ్లిపోయాను.

ఆమె ఆదివారాలు కొండకెళ్లి, వచ్చేటప్పుడు షాపులో ఆగేది. వచ్చిన ప్రతిసారీ ముఖం ఇంకాస్త చిన్నబోయి కనిపించేది. మొదటి రాయి బాగానే దాటుతుందట, రెండోదీ సరేనట. చెట్ల వేళ్లు వరసగా అడ్డొచ్చే చోటికి వచ్చేసరికి హ్యాండిల్ కర్రముక్కైపోతుందట. చేతివేళ్లు తిమ్మిరెక్కి, ఎన్నడూ పట్టని చోట బ్రేకులు పట్టేస్తోందట. మావయ్య తల వంచుకుని వినేవాడు.

ఒక మధ్యాహ్నం తల్లీకూతుళ్లిద్దరూ వచ్చారు. ఈసారి తల్లి స్టూలు లాక్కుని కూర్చుని, టీ కూడా అడిగింది.

“కొనేవాళ్లుంటే చూడు మావయ్యా. నాకు భయం పట్టుకుంది. నూనె మారిస్తే పోయేది కాదు” అంది మేనకోడలు.

ఆయన నోరు మెదపకపోతే చాలు. అక్క కంటినిండా నిద్రపోతుంది, పిల్ల ఎముకలు పిల్లకుంటాయి. శుభ్రంగానే ఉన్న స్పానర్ని గుడ్డతో తుడిచి పక్కన పెట్టాడు.

“భయం పట్టుకుంది నిన్ను కాదు, నన్ను” అన్నాడు. “ఆ ఎర్ర బొడిపె మొత్తం తిప్పేశాను. ఒక్క రాయికైతే పర్లేదు. వెనకే ఇంకోటి, ఇంకోటి వస్తుంటే తేరుకునేలోపే మళ్లీ కుంగుతుంది. కుంగీ కుంగీ చివరికి చోటుండదు. ఇంక ఆ దెబ్బలన్నీ నీ చేతులకే.”

“వేరేవాళ్ల బండికి ఇలా చేస్తావా?”

“చెయ్యను.”

“మరి?”

“వేరేవాళ్లు మా అక్క కడుపున పుట్టలేదు.”

“ఇన్నాళ్లూ నన్ను నేనే తిట్టుకున్నాను మావయ్యా” అంది ఆ పిల్ల. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే ఆయనకు కాస్త తేలికయ్యేదేమో.

తల్లి టీ గ్లాసు కింద పెట్టింది. “నోరు మూసుకుని కూర్చుంటే నీ సొమ్మేం పోయేదిరా?”

ఆ పిల్ల లేచి, సంచిలోంచి హెల్మెటూ కవచాలూ తీసి తొడుక్కుని, సైకిలెక్కి, గోడ పట్టుకుని నిలబడింది. “నీ మేనకోడల్ని ఇంటి దగ్గర వదిలేసి వచ్చాననుకో. ఇప్పుడు చూడు.”

ఆయన మోకాళ్ల మీద కూర్చుని చూశాడు. మంచాన పడి ఆమె బరువు తగ్గిపోయింది, పాత గాలి ఇప్పుడు ఎక్కువ. ముందూ వెనకా కొంచెం కొంచెం వదిలాడు. బొడిపె దగ్గరికొచ్చేసరికి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆమె దిగి, తనే తిప్పింది. హ్యాండిల్ని నొక్కి వదిలింది. ఇంకొంచెం తిప్పింది. ఈసారి ఫోర్కు చురుగ్గా లేచి, ఊగకుండా నిలబడింది.

“ఎంత తిప్పిందిరా?” అని తల్లి తమ్ముణ్ని చెవిలో అడిగింది.

“కావలసినంత” అన్నాడు.

తర్వాతి ఆదివారం తల్లి ముందే వచ్చి స్టూలు మీద కూర్చుంది, టీ మాత్రం అడగలేదు. ఆ పిల్ల ముక్కుదాకా బురదతో వచ్చింది. మావయ్య అడిగిందల్లా ఆ చెట్ల వేళ్ల దగ్గర ఎలా ఉందని.

“తేరుకుంది” అంది, సైకిల్ని గోడకానిస్తూ.

ఆమె పందేలకు వెళ్తూనే ఉంది. సైకిల్ సర్వీసుకొచ్చినప్పుడల్లా ఆయన నూనె మారుస్తాడు, సీళ్లు మారుస్తాడు, గోరు జార్చి గీతలు వెతుకుతాడు. ఎర్ర బొడిపెను మాత్రం తుడుస్తాడు, తిప్పడు. కొండ మీద వాన పడిందని తెలిసిన రోజుల్లో ఆ గుడ్డ దాని మీద ఇంకాస్త ఎక్కువసేపు ఆగుతుంది.