ముద్దనూరు బస్సులో తబితమ్మ ప్రార్థనలు

కడప జిల్లా నుంచి దేవుడికి పోయే మొరల్లో సగం మా జేజి, అంటే మా నాయనమ్మ తబితమ్మ వేలు దాటందే పైకి పోవు. ఆమె నొక్కితే పోతాయి. నొక్కకపోతే దేవుడైనా సరే, కాచుకుని కూర్చోవలసిందే.

నమ్మనివాళ్ళు జమ్మలమడుగు వచ్చి మా వీధిలో చర్చి ప్రహరీ గోడ చూసుకోవచ్చు. దాని మీద నీలిరంగుతో వెబ్‌సైట్ పేరు రాసి ఉంటుంది. ఆ సైట్‌లో ప్రార్థన కోరేవాళ్ళకు ఒక ఫారం ఉంది. పేరూ కష్టమూ రాసి పంపితే జేజి ఫోన్ టింగుమంటుంది. ఆమె అప్రూవ్ అని నొక్కితే అది ప్రార్థనల పేజీలోకి ఎక్కి అందరికీ కనబడుతుంది. సంఘమంతా చూసి ఎవరిళ్ళలో వాళ్ళు ప్రార్థన చేస్తారు.

ఈ పని ఆమెకు అప్పగించింది సంఘ కార్యదర్శి శుభాకర్. తుమ్మలపల్లె యురేనియం గనిలో ఉద్యోగం. సైట్ కట్టిందీ, దాని తాళాలు దగ్గర పెట్టుకున్నదీ అతనే. మొదట్లో జేజికి అన్ని అధికారాలూ ఇచ్చాడు. ఆమె ఒకనాడు క్రిస్మస్ ఫోటోలన్నీ తుడిచేసి, "పాతవే కదప్పా, చూసినాం కదా" అన్నది. ఆ రోజు నుంచి ఎక్కించే అధికారం మాత్రం ఉంచి, తీసే అధికారం గుంజుకున్నాడు.

ఎక్కించడంలో జేజికి ఒక పద్ధతి ఉండేది. ముందు నొక్కడం, తర్వాత మోకాళ్ళూని చదవడం. చదివి నొక్కు పెద్దమ్మా అని శుభాకర్ మొత్తుకున్నా వినలేదు. "దేవుని గడప కాడికి వచ్చినోళ్ళను నిలబెట్టి అడిగేదానికి నేనేమన్నా పోలీసునా?" అనేది.

ఒక బుధవారం పొద్దున కూడా అలాగే నొక్కింది. కళ్ళజోడు వెతుక్కుని, మోకాళ్ళ మీదికి వంగి, ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగును కూడబలుక్కుంటూ చదివింది.

"తబితమ్మా, నేను మసరత్‌ను. మేడం నా ఫోన్ గుంజుకునింది. పిల్లోని ట్యాబ్‌లో రాస్తాండా. మన వీధి చర్చి గోడ మీది సైట్ పేరు ఒకటే గుర్తుండాది. జీతం లేదు, కొడతాండారు. రేపు పొద్దున మేడం పిల్లోల్లను బడికి తీసకపోతానే బయటపడి ఎంబసీకి పోతా. మా అమ్మకు చెప్పు. ప్రార్థన చెయ్యి. ఏజెంటుకు మాత్రం తెలీనీయొద్దు."

మసరత్ ఎదురింటి షాహీదాబీ కూతురు. ఏడాది కిందట కువైట్‌కు ఇంటిపనికి పోయింది. పంపిన ఏజెంటు జాషువాకు ఆఫీసు పులివెందులలో, కూర్చునేది మాత్రం మా చర్చిలో ముందు బెంచీ మీద. ప్రార్థనల పేజీని అతనంత శ్రద్ధగా చదివేవాడు సంఘంలోనే లేడు. ఎవరింట్లో అప్పుందో, ఎవరి మొగుడు వదిలేశాడో అందులో చూసుకుని, పొద్దు వాలేసరికి వీసా మాటలతో ఆ గడప తొక్కుతాడు. అతను కువైట్‌కు ఒక్క ఫోన్ చేస్తే చాలు, మసరత్ ఉన్న గదికి బయట తాళం పడుతుంది. ఆ తర్వాత ఆ పిల్లను ఏం చేస్తారో అడిగే దిక్కుండదు.

ఆ పేజీలో ఇప్పుడు అందరికంటే పైన మసరత్ పేరు ఉంది.

జేజి వెంటనే శుభాకర్‌కు ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. గనిలోకి దిగేవాళ్ళు ఫోన్లు పైనే పెట్టిపోతారు. షిఫ్టు దిగేది మధ్యాహ్నం తర్వాత. ఇరవయ్యేళ్ళు ఆసుపత్రిలో ఆయాగా నెత్తురు కడిగిన మనిషి, చెప్పులు కూడా వేసుకోకుండా వీధి దాటింది.

"షాహీదా, నీ బిడ్డ కత నా ఏలితో ఊరికంతా చాటినా" అన్నది. ఒక్క మాట దాచకుండా అంతా చెప్పింది.

షాహీదాబీ తిట్టలేదు. ఏడవలేదు. బురఖా తగిలించుకున్నది.

"పదక్కా."

"యాడికి?"

"గని కాడికి. ఆ శుభాకరప్ప పైకి వస్తానే తుడిపిద్దాం. ఇంట్లో కూసుంటే నాకు గుండె ఆగిపోతాది."

ముద్దనూరు మీదుగా పులివెందుల పోయే బస్సు ఎక్కారు. జేజి నిమిషానికొకసారి పేజీ తెరిచి చూస్తున్నది. అలా చూడగా చూడగా ఒకటి గమనించింది. ఆ పేజీలో కనబడేవి ఐదే. కొత్తది ఎక్కితే అడుగున ఉన్నది కనుమరుగవుతుంది. దాన్ని చూడాలంటే కింద 'పాతవి' అనే చోట నొక్కాలి.

తీసే అధికారం లేకపోతేనేం, ఎక్కించే అధికారం ఉంది కదా. తనే ఫారం తెరిచింది. ఏవో దొంగపేర్లు, దొంగకష్టాలు రాద్దామనుకున్నది. ప్రార్థనలో అబద్ధం రాయడానికి చెయ్యి రాలేదు. అందుకని ఉన్నవే రాయడం మొదలుపెట్టింది. ఒక్క వేలితో, పైకి గొణుక్కుంటూ.

ముందు మోకాళ్ళ నొప్పి రాసి ఎక్కించింది. తర్వాత మా తాత. "నల్లబండ గనిలో పనిచేసి, నాతో మాట్లాడకుండానే చనిపోయినాడు ప్రభువా. తప్పు నాదే. ఆడన్నా ఆయన కోపం తగ్గించు." అది ఎక్కించాక కొంగుతో ముఖం తుడుచుకున్నది. తర్వాత కొండాపురం దగ్గర గండికోట ప్రాజెక్టు నీళ్ళ కింద మునిగిపోయిన వాళ్ళమ్మ సమాధి. ఆ తర్వాత, "ఎదురింటి కోడిని మాదే అనుకుని కోసి కూర చేసినా. తిన్నాక తెలిసింది. చెప్పలేదు."

షాహీదాబీ తల తిప్పింది. "అది మా డేగపుంజా, అక్కా?"

"అదే."

"పిల్లి ఎత్తకపోయిందంటివే."

"ఇప్పుడు దాని పంచాయతీ ఎందుకే. ఇంగొకటి ఎక్కిస్తే నీ బిడ్డ కిందికి పోతాది."

ఇక కష్టాలు గుర్తుకు రాక కిటికీలోంచి ఎండిన శనగ చేలను చూసింది. చివరికి, "పదో తరగతి తప్పి, ఇంట్లో కూసోని నా మీద కతలు అల్లే మనవరాలికి నోరు తగ్గించు, బుద్ధి పెంచు" అని రాసి నొక్కింది. మసరత్ పేరు పేజీలోంచి జారిపోయింది.

అంతలోనే ఫోన్ మోగింది. జాషువా. జేజి షాహీదాబీ చెయ్యి గట్టిగా పట్టుకుని ఫోన్ ఎత్తింది.

"ఏందత్తా, పేజీ నిండా నీ మొరలే ఉండాయి" అని నవ్వాడు. "కోడికి గూడా ప్రార్థనేనా? సంఘానికి కొంచెం చోటు ఇడిసిపెట్టు. ఉండు, ఈ పాతవాటిలో ఏముండాయో..."

షాహీదాబీ గోళ్ళు జేజి అరచేతిలో దిగబడ్డాయి.

"నాయనా, మీయమ్మకు షుగరు యాడికొచ్చింది?" అన్నది జేజి.

అంతే. జాషువాకు తల్లి జబ్బు కదిపితే చాలు. మాత్రలు, కడప డాక్టరు, కాలి పుండు, పుండుకు కట్టిన పసరు, పసరు ఇచ్చిన దువ్వూరు మనిషి. జేజి ఊఁ కొడుతూనే ఉంది. ఆయాగా పనిచేసినప్పుడు చూసిన పుండ్లన్నీ వరసగా అడిగింది. బస్సు పులివెందుల చేరినా వదల్లేదు. తుమ్మలపల్లె ఆటోలో కూర్చున్నాక, "అత్తా, ఆఫీసుకు ఎవరో వచ్చినారు" అని అతనే పెట్టేశాడు. జేజి చెమటకు ఫోన్ తడిసిపోయింది.

గని గేటు ముందు ఎండలో నిలబడ్డారు. శుభాకర్ బయటికి రాగానే ఇద్దరు ఆడవాళ్ళూ చెరొక చెయ్యీ పట్టుకున్నారు. అతను అక్కడే నిలబడి ఫోన్‌లో దాన్ని తుడిచేశాడు.

"చదివి నొక్కమని చెప్పలేదా పెద్దమ్మా?"

"చెప్పినావు. ఇప్పుడు తిట్టొద్దు, కాళ్ళలో సత్తువ లేదు."

ఈ లోపల జాషువా చూశాడో లేదో ఎవరికి తెలుసు? ఆ రాత్రి ఆ రెండిళ్ళలో పొయ్యి వెలగలేదు. గురువారం పొద్దున షాహీదాబీ మా వరండాలోనే నమాజు చేసుకున్నది. జేజి పక్కనే మోకాళ్ళూనింది. ఇద్దరి మధ్యా ఫోన్.

ఎండ ముదిరాక టింగుమన్నది. జేజి నొక్కలేదు. కళ్ళజోడు పెట్టుకుని ముందు చదివింది. "తబితమ్మా, ఎంబసీలో ఉండా. ఈడ ఒక అక్క ఫోన్ ఇచ్చింది. అమ్మకు చెప్పు." చదివి షాహీదాబీ ఒళ్ళో తల పెట్టేసింది.

మసరత్ ఇంటికి వచ్చి చాలాకాలమైంది. ఫారంలో ఇప్పుడు 'అందరికీ చూపించవచ్చునా' అని ఒక గడి చేర్చారు. అయినా ఫోన్ టింగుమంటే జేజి ఇప్పటికీ ఉలిక్కిపడుతుంది.

ఇదంతా రాసి జేజికి చదివి వినిపించి, అచ్చుకు పంపుతున్నానని చెప్తే, కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నది.

"ముందు అందరి పేర్లు మార్చు. ఆ ఏజెంటు ఇంగా ముందు బెంచీ మీదనే కూసుంటాండాడు. నీ నోరు తగ్గించమని పెట్టిన ప్రార్థన ఒక్కటే తీరినట్టు లేదు."