డీనీ వ్యాను ఎవరింటి ముందు ఆగింది

ఇది రాయడానికి ఇద్దరి దగ్గర అనుమతి తీసుకున్నాను. ఒకరు మా అమ్మాయి లోన్నెకె, ఇంకొకరు డీనీ. మా అమ్మాయి వెంటనే సరేనంది. డీనీ మాత్రం "రాస్తే రాసుకో, నన్నేమీ అడక్కు" అంది. ఇరవై మూడేళ్ళలో తన ఉద్యోగం గురించి ఆమె నాకిచ్చిన అతి పొడవైన సమాధానం అదే.

డీనీ ఉద్యోగం ఏమిటంటే, వారానికోసారి కడుపుతో ఉన్న ఆడవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, వాళ్ళు సీసాల్లో పట్టి ఉంచిన మూత్రాన్ని వ్యానులో వేసుకుని రావడం. నవ్వకండి. కడుపు నిలిచిన తొలి నెలల్లో ఒక హార్మోను అందులో పుష్కలంగా ఉంటుంది. ఫ్యాక్టరీలో దాన్ని వేరుచేసి, శుద్ధిచేసి, పిల్లలు కలగని వాళ్ళకిచ్చే సూదిమందు తయారుచేస్తారు. నాలుగో నెల వచ్చేసరికి ఆ హార్మోను తగ్గిపోతుంది, డీనీ ఆ ఇంటికి వెళ్ళడం మానేస్తుంది. లోన్నెకె కడుపులో ఉన్నప్పుడు నేనూ ఇచ్చాను, అప్పటికి డీనీ ఇంకా ఈ పనిలోకి రాలేదు. మా ట్వెంటె ప్రాంతంలో ఇదేం వింత కాదు.

డీనీ వాళ్ళ నాన్న గుర్రబ్బండి మీద తిరుగుతూ రైతుల గేట్ల ముందు నుంచి పాలక్యాన్లు ఎత్తుకెళ్ళేవాడు. "నాన్నకి ఆవులు, నాకు ఆడవాళ్ళు. వాన మాత్రం ఇద్దరికీ ఒకటే" అంటుంది డీనీ. ఇప్పుడు అదే హార్మోనును ప్రయోగశాలలో కూడా తయారుచేస్తున్నారని పేపర్లో చదివి, ఆమెను ఉడికిద్దామని తీసుకెళ్ళి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివింది. "మంచిదే, వాళ్ళనీ చెయ్యనీ" అని పేపరు మడిచి నా చేతిలో పెట్టింది. ఆమెను ఉడికించడం నా వల్ల ఎప్పుడూ కాలేదు.

ఇక్కడ నా గురించి కూడా ఒక మాట చెప్పాలి. నా కడుపులో మాట ఆగదు. ఎవరింట్లో ఏం జరిగినా మధ్యాహ్నానికల్లా నాకు తెలుస్తుంది, సాయంత్రానికల్లా నా వల్ల ఊరికి తెలుస్తుంది. అలాంటిదానికి దేవుడు డీనీని స్నేహితురాలిగా ఇచ్చాడు. ఆరో వారంలోనే సీసాలు పట్టడం మొదలుపెడతారు కాబట్టి, కన్నతల్లుల కంటే, అత్తల కంటే ముందు కబురు తెలిసేది డీనీకే. కానీ ఆమె నోరు విప్పితేనా? "ఈ వారం కొత్త ఇల్లేమైనా తగిలిందా?" అంటే, "పడమటి వైపు వాన పడుతోంది" అంటుంది.

వ్యాను ఎక్కడ ఆగుతోందో కిటికీలోంచి చూసి కనిపెట్టేవాళ్ళం. అది గమనించి డీనీ ఒక ఎత్తు వేసింది. పని ఉన్నా లేకపోయినా ప్రతి వీధిలోనూ వ్యాను ఆపడం మొదలుపెట్టింది. ఒంటరిగా ఉండే ఎనభై ఏళ్ళ హెండ్రిక్ ఇంటి ముందు పావుగంట ఆపింది. పాస్టరుగారి ఇంటి ముందు రెండు వారాలు వరసగా ఆపింది. ఆ రెండు వారాలూ పాస్టరుగారి ఇంట్లో పనిచేసే ఆవిడ నడుము చుట్టుకొలత గురించి మేం మాట్లాడుకున్న మాటలకు నాకిప్పటికీ సిగ్గేస్తుంది. బుధవారాలు పదిన్నరకు మా ఇంటి ముందు ఆపేది. లోపలికొచ్చి ఒక కాఫీ తాగి, ఒక్క బిస్కెట్టు తిని, డబ్బా మూత తనే మూసి వెళ్ళేది. అది స్నేహమనే నేను అనుకున్నాను.

లోన్నెకెకు మొదటిసారి కడుపు నిలిచినప్పుడు ఏడో వారంలోనే నాకు చెప్పింది. మా దగ్గర బిడ్డ పుట్టిన ఇంటికి ఇరుగుపొరుగు కలిసి బారెడు పొడవు కిస్మిస్ రొట్టెను చెక్కపలక మీద మోసుకెళ్తారు. నేను మర్నాడే బేకరీకి వెళ్ళి, నవంబరుకు ఒక రొట్టె కావాలని చెప్పేశాను. శనివారానికల్లా ఊరంతా మా అల్లుడు జోరిత్ చెయ్యి పట్టుకుని ఊపి అభినందించింది. ఇంకో తొమ్మిది రోజులకు కడుపు పోయింది. ఆ తర్వాత రెండు నెలల పాటు మా అమ్మాయి దారిలో ఎదురైన ప్రతివాళ్ళకూ ఆ సంగతి తనే చెప్పుకోవలసి వచ్చింది. నన్ను ఒక్క మాట అనలేదు. అననందుకే ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

తర్వాత ఆరేళ్ళు ఆసుపత్రులు, సూదులు, పరీక్షలు. ఏమైందని అడిగితే "ప్రయత్నిస్తున్నాం" అనేది, అంతే. మొన్న వసంతంలో ఒక రోజు వచ్చి వంటింట్లో కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అమ్మా, స్టవ్ ఆపేసి ఇలా కూర్చో. ఏడో వారం నాకు. ఇది ఐదోది."

"రెండోది కదే?"

"మధ్యలో మూడున్నాయి. నీకు చెప్పలేదు. డీనీకి తెలుసు."

అప్పుడు స్టవ్ ఆపేసి దాని ఎదురుగా కూర్చున్నాను.

"నాకు పొడిచిన మందు ఎవరో తల్లి ఇచ్చిన సీసాలోంచి వచ్చిందేగా. నిలిచినన్నాళ్ళూ నేనూ ఇద్దామనుకున్నాను" అంది.

"ఎప్పుడు తీసుకెళ్ళేది? మీ ఇంటి ముందు వ్యాను ఆగడం నేనెప్పుడూ చూడలేదే."

"బుధవారం. నీ ఇంటి ముందు ఆపి, నడిచొచ్చి మా షెడ్డులోంచి తీసుకెళ్ళేది."

మా అమ్మాయి ఇల్లు మా ఇంటికి రెండిళ్ళ అవతలే. వ్యాను వేరేవాళ్ళ ఇంటి ముందు ఆగితే నేను కిటికీ దగ్గర ఉంటాను. నా ఇంటి ముందే ఆగితే కిటికీతో నాకేం పని, వంటింట్లో కాఫీ పెడుతుంటాను. ఊరు మొత్తంలో ఆ పది నిమిషాలు ఎవరి కళ్ళు వీధి మీద ఉండవో డీనీకి బాగా తెలుసు.

వెళ్ళబోతూ లోన్నెకె గుమ్మంలో ఆగింది. "ఈసారి ఒక్కదాన్నే మోయలేననిపించి చెప్పానమ్మా. కానీ బయట ఒక్క మాట పొక్కిందంటే, ఇక జన్మలో నీకేదీ చెప్పను" అంది. అది బెదిరింపు కాదు. చేసి చూపిస్తుందని నాకు తెలుసు.

నేను ఇంట్లో తొడుక్కునే చెప్పులతోనే డీనీ ఇంటికి పోయాను. ఆమె పెరట్లో వ్యాను కడుగుతోంది.

"మూడుసార్లు నేను అమ్మమ్మనవుతున్నానని నీకు తెలుసు. మూడుసార్లు కాలేదనీ తెలుసు. నా కుర్చీలో కూర్చుని, నా కాఫీ తాగావు."

"అవును."

"చెప్పాలని ఒక్కసారి కూడా అనిపించలేదా?"

"అనిపించింది."

"మరి?"

"నీకు చెప్పాల్సిన మనిషిని నేను కాదు కదే, హెర్మీన్."

ఇంకా తిట్టాలని నోరు తెరిచాను. అప్పుడు గుర్తుకొచ్చింది. మా దగ్గర చావు జరిగిన ఇంటికి పొరుగువాళ్ళు సూప్ వండుకొస్తారు. ఈ ఆరేళ్ళలో డీనీ మూడుసార్లు, ఏ కారణమూ లేకుండా, మాంసం ఉండలు వేసిన సూప్ గిన్నెడు తెచ్చి నా పొయ్యి మీద పెట్టి వెళ్ళింది. నా ఇంట్లో ఎవరో పోయారని ఆమెకు తెలుసు, నాకు తెలియదు. అందులో ఒకసారి ఉప్పెక్కువైందని వంక కూడా పెట్టాను. ఆ తడి పెరట్లో నిలబడి ఏడ్చాను. డీనీ గొట్టం కట్టేసి నా పక్కన నిలబడింది.

తర్వాతి వారాలు నేనెలా బతికానో చెప్పలేను. చర్చిలో పాటల బృందానికి వెళ్ళడం మానేశాను, మిగతా ఆడవాళ్ళ మధ్య నన్ను నేను నమ్మలేక. పక్కింటావిడ పలకరిస్తే దగ్గు నటించాను. ఊళ్ళో నాకేదో జబ్బు చేసిందన్నారు.

పదో వారంలో బేకరీలో దొరికిపోయాను. అయిదుగురు వరసలో ఉన్నారు. బల్ల వెనకాల రీకి రొట్టె కోస్తూ, "మీ లోన్నెకె సంగతేంటి హెర్మీన్? మొన్న ఇక్కడికొచ్చి వాసనకి ముక్కు మూసుకుంది. మొహం కూడా పాలిపోయి ఉంది" అంది. కోసే చెయ్యి ఆగింది. వరస మొత్తం నావైపు తిరిగింది.

చెప్పేయాలని ఒళ్ళంతా ఉబలాటంగా ఉంది. అయిదుగురు వినడానికి సిద్ధంగా ఉన్నప్పుడు నేను ఊరుకున్నది ఎన్నడూ లేదు.

"నిద్ర లేదు దానికి. కుక్కపిల్లను తెచ్చుకున్నారు. రాత్రంతా ఒకటే అరుపు" అన్నాను.

"కుక్కా? జోరిత్‌కి కుక్కలంటే పడదుగా?" రీకి నా మొహం వదిలి నా వెనక్కి చూసింది. "డీనీ, నువ్వా వీధిలోనే తిరుగుతావుగా. నిజమేనా?"

డీనీ నా వెనకాలే నిలబడి ఉందని నాకప్పటిదాకా తెలియదు. ఎవరింటి సంగతి ఎవరడిగినా వాన గురించి తప్ప మాట్లాడని మనిషి.

"నిజమే. మొన్న నా బూటు కొరికేసింది" అంది డీనీ.

రీకి మళ్ళీ రొట్టె కోయడం మొదలుపెట్టింది. వరసలో మాట కుక్కల మీదికి మళ్ళింది. నేను డబ్బులిచ్చి, డీనీ వైపు చూడకుండా బయటికొచ్చాను. చూస్తే అక్కడే కావలించుకునేదాన్ని.

సాయంత్రం లోన్నెకె ఫోను చేసింది.

"అమ్మా, దార్లో ముగ్గురు ఆపి కుక్క ఏ జాతిదని అడిగారు. నువ్వేనా?"

"నేనే."

 అటునుంచి ముక్కు చీదుకున్న చప్పుడు వినిపించింది.

"రేపు పొద్దున స్కానింగ్. జోరిత్‌కి సెలవు దొరకలేదు. నాతో వస్తావా?"

వస్తానన్నాను. ఫోను పెట్టేసి, రేపటికని బీరువాలోంచి కోటు తీసి, బ్రష్‌తో దులిపి, తలుపు పక్కన తగిలించాను. స్కానింగ్ సంగతి ఎవరికీ చెప్పలేదు. డీనీకి కూడా.