వీపు వెనక చెయ్యి

గురువారం మధ్యాహ్నం మా బావ పోయాడు. చెల్లెలు ఫోన్ చేసినప్పుడు నేను యాంగోన్ పబేడాన్ బజారులో కందిపప్పు కట్టించుకుంటున్నాను. "అన్నయ్యా, అయిపోనాది" అంది. సరేనన్నాను. పొట్లం సంచిలో పెట్టుకుని, బస్సెక్కి ఆసుపత్రికి వెళ్లాను. అక్కడ అందరూ నా మొహం వైపు చూస్తుంటే నేను సంచి వైపు చూశాను. ఏడుపొస్తుందేమోనని చాలాసేపు కూర్చున్నాను. రాలేదు. ఆ పప్పు ఇప్పటికీ మా వంటింట్లో ముడి విప్పకుండా ఉంది.

మీలో బావని ఎరిగినవాళ్లు ఎందరో నాకు తెలియదు. బోటాటౌంగ్ గోడౌన్ల వెనక మైదానంలో ఆదివారం పొద్దున్న విజిల్ ఊదుతూ తిరిగే, ఎడమ భుజం కాస్త జారిన మనిషిని చూసి ఉంటే, ఆ మనిషే. రగ్బీ లీగ్‌లో మా ఎడమ వైపు సెంటర్. పక్కనే గీతనానుకుని ఉండే వింగర్‌ని నేను. కుర్రాళ్లు బావని 'ఊ సెంటర్' అనేవారు. ఇక్కడ బర్మాలో పెద్దవాళ్ల పేరుకి ముందు ఊ పెడతారు కదా. బావ తన పేరుని కూడా బంతిలాగే ఎవరికో ఇచ్చేశాడు.

జట్టుకి పదమూడు మంది ఆడే ఆట అది. కోడిగుడ్డులాంటి బంతి. దాన్ని ముందుకి విసరకూడదు, పక్కకో వెనక్కో ఇవ్వాలి, చివరి గీత దాటించి నేలకి ఆనించాలి. మా కుర్రతనంలో రేవులో క్రేన్లు బిగించడానికొచ్చిన ఆస్ట్రేలియా ఇంజినీరు నేర్పాడు. క్రేన్లు బిగిశాయి, ఇంజినీరు వెళ్లిపోయాడు, బంతి మిగిలింది. పల్లెటూరి బడిలో నాకు అబ్బిన ఒకే ఒక్క విద్య పరుగు. అది కూడా మాస్టారికి దొరక్కుండా ఉండడానికి. అందుకని నన్ను కొసన నిలబెట్టారు. బంతి వచ్చేదాకా దోమలు తోలుకోవాలి, వచ్చాక చచ్చేట్టు పరిగెత్తాలి.

సెంటర్ పని వేరు. బంతి పట్టుకుని ఎదుటివాళ్ల మీదికి సూటిగా పోవాలి. నన్ను కాయాల్సినవాడు కూడా తన మీదికొచ్చేదాకా బంతి వదలకూడదు. వాడొచ్చి గుద్దబోయే క్షణంలో నాకు అందించాలి. అప్పుడు నా ముందు ఎవరూ ఉండరు. నేను గీత దాటి పడుకుని నవ్వుతుంటే, వెనకెక్కడో బావ పక్కటెముకలు తడుముకుంటూ లేచేవాడు. ఒకసారి జాలేసి, కాస్త ముందే ఇవ్వొచ్చు కదా అన్నాను.

"ముందిస్తే బంతితోపాటు మనిసిని కూడా నీకిచ్చినట్టేరా. నీకు బంతే కావాల. మనిసిని నాను సూసుకుంటాను."

నాకొచ్చిన చప్పట్లన్నీ బావ పక్కటెముకల మీదుగా వచ్చినవే.

అప్పటికింకా బావ కాలేదు. ఆటయ్యాక మా ఇంటికి భోజనానికొచ్చేవాడు. మా చెల్లెలు పసుపు నూరి భుజానికి పట్టించేది. రెండు వానాకాలాలు గడిచాక గానీ, ఆ భుజం ఎందుకు మానడం లేదో నాకు అర్థం కాలేదు. మా జోడీలో నేను అడ్డు తప్పుకుని, వాళ్ల పెళ్లికి దారిచ్చింది ఆ ఒక్కసారే.

ఎదుటివాళ్లు బంతితో వస్తున్నప్పుడు అసలు కష్టం. మా కొసన మేమిద్దరం, వాళ్లు ముగ్గురు. ఇద్దరం కలిసి లోపలికి దూకి బంతి ఉన్నవాణ్ణి పట్టాలి, లేదా ఇద్దరం గీత వైపే ఆగాలి. ఒకడు దూకి ఒకడు ఆగితే మధ్యలోంచి ఎడ్లబండి తోలుకుపోవచ్చు. ఏది చెయ్యాలో సెంటర్ చెప్తాడు, వింగర్ వింటాడు. "తప్పయినా పర్లేదు. ఇద్దరం ఒకే తప్పు సెయ్యాల" అనేవాడు బావ.

మొదట్లో తెలుగులో అరిచి చెప్పేవాడు. ఈ యాంగోన్‌లో తెలుగు ఎవడికొచ్చు, మాకంటే గడుసువాళ్లు లేరనుకున్నాం. ఒకసారి మింగళాడోన్ వెళ్లి అక్కడి ఫ్యాక్టరీ జట్టుతో ఆడాం. బావ లోపలికి రమ్మంటే వాళ్లు బయటినుంచి పోయారు, ఆగమంటే లోపలినుంచి పోయారు. చిత్తుగా ఓడాం. ఆటయ్యాక వాళ్ల సెంటర్ చెయ్యి కలిపి, "మీదే ఊరేటన్నా?" అనడిగాడు. వాళ్ల తాతది శ్రీకాకుళమట.

తిరుగు బస్సు మా స్టాపులో దిగాక బావ, ఇకనుంచి నోరు మూసుకుని ఆడాలన్నాడు. ఆ వారంనుంచి ఒక చెయ్యి వీపు వెనక పెట్టేవాడు. పిడికిలి బిగిస్తే లోపలికి రా. అరచెయ్యి తెరిస్తే అక్కడే ఉండు.

ఆట మానేశాం గానీ ఆ చెయ్యి మానలేదు. సంబంధం మాట్లాడ్డానికి వెళ్లినా, పబేడాన్‌లో గుడ్డ బేరమాడినా, నేను నోరు తెరవబోయేసరికి వీపు వెనక అరచెయ్యి తెరుచుకునేది. నా జోకుల వల్ల చెడిన బేరాలు అన్ని ఉన్నాయి మరి. ముప్పై ఏళ్లలో నేను సొంతంగా తేల్చిన పని ఒక్కటీ లేదు. సిగ్గుపడి చెప్పడం లేదు. నా పని అది కాదు, అంతే.

సోమవారం పొద్దున్న బావ స్నానాల గదిలో పడిపోయాడు. తలలో నరం చిట్లిందన్నారు. మాట లేదు. మధ్యాహ్నం డాక్టరు చెల్లెల్నీ నన్నూ పిలిచి రెండు దారులు చెప్పాడు. తల తెరిస్తే బతకొచ్చు, బల్ల మీదే పోవచ్చు. తెరవకపోతే ఇలాగే కొన్ని రోజులు. ఇప్పుడే చెప్పాలన్నాడు.

అలవాటు కొద్దీ మంచం వైపు చూశాను. బావ చెయ్యి దుప్పటి మీద ఉంది. మూసీ మూయకుండా, తెరిచీ తెరవకుండా. అది ఏమీ చెప్పడం లేదు.

చెల్లెలు నా వెనక అరడుగు దూరంలో ఉంది. "నువ్వే సెప్పన్నయ్యా" అంది.

డాక్టరు వేచి చూస్తున్నాడు. ఉన్నట్టుండి చెల్లెలు ఒక అడుగు ముందుకేసి నా పక్కన నిలబడింది. ఆపరేషన్ చెయ్యండని బర్మీస్‌లో చెప్పేసింది. అప్పుడు తెలిసింది, నా చెయ్యి వీపు వెనక ఉందని, పిడికిలి బిగిసి ఉందని. ముప్పై ఏళ్లు మైదానం పక్కన కూర్చుని మొగుడి చెయ్యి చూసిన మనిషికి ఆట రాకుండా ఉంటుందా.

ఆపరేషన్ తర్వాత మూడు రోజులున్నాడు. కళ్లు తెరవలేదు.

గురువారం సాయంత్రం ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. నా ఒళ్లో పప్పు సంచి. తప్పు చేశానేమో అన్నాను.

"సేస్తే ఇద్దరం సేసినాం" అంది చెల్లెలు.

మళ్లీ ఆ సంగతి ఎత్తలేదు.

మర్నాడు దహనశాలకి తీసుకెళ్లాం. చక్రాల బల్ల మీదికి మార్చేటప్పుడు గుడ్డలోంచి చెయ్యి జారింది. వేళ్లు విప్పుకుని, అరచెయ్యి నా వైపు. పోయినవాళ్ల చేతులు అలాగే ఉంటాయని నాకు తెలుసు. దానికేం అర్థం లేదని కూడా తెలుసు. బల్ల కొలిమి గది తలుపు వైపు కదిలింది, అందరూ దాని వెంట నడిచారు. నేను రెండడుగులు వేసి ఆగాను. లోపలికి రమ్మని ఎవరో పిలిచారు. వాళ్లకి ఏం చెప్పను, బావ ఉండమన్నాడు. తలుపు మూసేదాకా గోడ పక్కన, నా చోట్లో నేను, నిలబడే ఉన్నాను.