వెనకడుగు మాస్టారు

నాన్న చివరిగా చేసిన పని, చేతిజెండాకి కట్టే పసుపు గుడ్డ ఉతికి వరండా తీగ మీద ఆరేయడం. ముడతలు లాగి, క్లిప్పులు పెట్టి, రేపటికి ఆరిపోతుందిలే అనుకుంటూ లోపలికొచ్చి పడుకున్నాడు. పొద్దున్నకి గుడ్డ ఆరింది. నాన్న లేవలేదు.

రాజధాని చూడ్డానికి వచ్చినవాళ్ళని పొద్దున్నే బస్సెక్కించి, మ్యూజియం, పాత కోట, నాట్యశాల, నేతగాళ్ళ వీధి తిప్పి, దీపాలు వెలిగే వేళకి హోటల్లో దింపడం ఆయన ఉద్యోగం. గుంపు తప్పిపోకుండా పసుపు జెండా పైకెత్తి, ఎప్పుడూ జనం వైపు మొహం పెట్టి, వెనక్కి వెనక్కి నడుస్తూ కథలు చెప్పేవాడు. దారిలోని మెట్లూ గుంతలూ ఆయన మడమలకి కంఠతా వచ్చు. డ్రైవర్లంతా ఆయన్ని వెనకడుగు మాస్టారు అనేవారు. ఇంట్లోనూ అదే నడక. వంటింట్లో ఏదో చెబుతూ వెనక్కొచ్చి తగిలితే అమ్మ విసుక్కునేది: "కోటలో గోడలు కదలవు. ఇక్కడ నేను కదులుతుంటాను. కాస్త చూసుకోండి."

అలాంటి మనిషికి గొంతు పోవడం మొదలైంది. పొద్దున బొంగురుగా ఉండేది, మధ్యాహ్నానికి గాలి తప్ప మాట వచ్చేది కాదు. డాక్టరు మాటలు తగ్గించమన్నాడు. ఆఫీసువాళ్ళు మంచివాళ్ళే. మీ అమ్మాయి అందుకోగలిగితే ఈ టూరు ఆమెకే ఇస్తాం, లేదంటే వచ్చే నెల నుంచి ఇంకొకరిని చూసుకుంటాం అన్నారు.

కూతురికి ఆ కథలన్నీ వచ్చు. అన్నం కలుపుకుంటూ విన్నవేగా. కానీ కొత్తవాళ్ళు పదిమంది తనవైపు చూస్తే నాలుక పిడచకట్టుకుపోయేది. అయినా నాన్న చేతిలోంచి ఆ పని బయటివాళ్ళకి పోవడం ఆమెకి సుతరామూ ఇష్టం లేదు.

మొదటి రోజు నాన్న జెండా పట్టుకోవడానికి మాత్రమే వెంట వచ్చాడు. మ్యూజియం ఎలాగో గట్టెక్కింది. ఆ మసక గదుల్లో ఎవరి మొహాలూ సరిగా కనపడవు. కోట లోపలి ఆవరణలోకి వచ్చాకే అసలు కష్టం మొదలైంది. కమాను నీడలో నిలబడి, కోట కట్టిన మేస్త్రీ కథ ఎత్తుకుంది. రాజుగారు గడియకోసారి మనసు మార్చుకుంటుంటే మేస్త్రీ ఒకే గోడ మళ్ళీ మళ్ళీ కట్టి విసిగిపోయిన కథ అది. సగంలో ఒకాయన ఫోను తీశాడు. ఇద్దరు వెళ్ళి మెట్ల మీద కూర్చున్నారు. మిగిలినవాళ్ళు నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మొహాలు తిప్పుకున్నారు. ఆమె గొంతు సన్నగిల్లి, ఆగిపోయింది. అందరినీ ఫొటోలు తీసుకోమని, తిన్నగా నాన్న దగ్గరికి వచ్చింది.

"నా వల్ల కాదు నాన్నా. ఎవరూ వినట్లేదు. ఇంకెవరికైనా ఇచ్చేయమని చెప్పు."

నాన్న ఆమె చెవి దగ్గరికి వంగాడు. "కథ బాగానే ఉంది. నువ్వు నిలబడ్డ చోటే బాలేదు. నీడ నువ్వు తీసుకుని ఎండ వాళ్ళకిచ్చావు. కళ్ళే తెరవలేనివాళ్ళు నీ మాట ఏం వింటారమ్మా? ఎండ మన మొహాన పడాలి."

మంచినీళ్ళ సీసా తెచ్చిన డ్రైవరు మావయ్య ఊరుకోలేదు. "అందుకేగా అమ్మాయ్, మీ నాన్న మొహం పెనం రంగుకి తిరిగింది."

"నువ్వు బస్సు నీడన కూర్చునే ఆ రంగుకొచ్చావు కదరా బావా," అన్నాడు నాన్న, ఉన్న కాస్త గొంతుతో.

కూతురికి నవ్వొచ్చింది. వెళ్ళి అందరినీ కమాను కిందికి పిలిచి, తను ఎండకి ఎదురుగా నిలబడింది. కళ్ళు జిగేల్మన్నాయి. ఎదుట మనుషులు లీలగా తప్ప కనపడలేదు, వాళ్ళ చూపులు అసలే కనపడలేదు. ఆ వెలుతురులో ఆమె భయం ఎటు పోయిందో పోయింది. మేస్త్రీ కథ మళ్ళీ మొదటినుంచి చెప్పింది. రాజుగారు ఆఖరిసారి మనసు మార్చుకునే చోట నీడలోంచి పెద్ద నవ్వు వినపడింది. చెవులు సరిగా వినపడని ఒక మామ్మగారు ముందుకొచ్చి, ఆ గోడ సంగతి ఇంకోసారి చెప్పించుకుంది.

నేతగాళ్ళ వీధికి చేరేసరికి వెనక్కి నడవాలన్న సరదా కూడా పుట్టింది. నాలుగడుగులు వేసిందో లేదో బుట్టల బండికి తగిలి కూలబడింది. అందరికంటే ముందు తనే నవ్వింది. గుంపు చివర నాన్న, జెండా పైకెత్తి ఊపుతున్నాడు.

టూరు ఆమెకే ఇచ్చారు. ఆ నెల ఇంకా తిరగలేదు, నాన్న పోయాడు.

ఇప్పుడు ఆమె ఒక్కతే తిప్పుతోంది. మేస్త్రీ కథకి తన సొంత మాటలు కొన్ని చేరాయి. జనం నవ్వుతున్నారు, ప్రశ్నలు అడుగుతున్నారు. మొన్న కోట గేటు దగ్గర టిక్కెట్లు చింపే అక్క ఆమెని ఆపి, మీ నాన్న రాని సోమవారాలు వెలితిగా ఉన్నాయమ్మా అంది. పొరబడ్డావక్కా, సోమవారం నాన్నకి సెలవు అంది కూతురు.

"సెలవు కాబట్టే వచ్చేవాడు. టిక్కెట్టు కొనుక్కుని మరీ. కొత్తగా చేరిన గైడు ఎవరుంటే వాళ్ళ గుంపు వెనకాల చేరి, మొదటిసారి వింటున్నట్టు తలూపుతూ నిలబడేవాడు."

సోమవారాలు ఆయన క్షవరానికని చెప్పి వెళ్ళేవాడు. ఉన్న నాలుగు వెంట్రుకలకి వారం వారం క్షవరమేమిటని అమ్మ నవ్వేది.